అణు చర్చలూ మన వచనమూ

తెలుగులో అణుబాంబు మీద కవిత్వానికి కొదవ లేదు. 1950లో స్టాక్‌హోం శాంతి విజ్ఞప్తికి సంతకాలు సేకరించిన తరం మొదలుకొని, 1998లో పోఖ్రాన్ పేలుళ్లను ఖండించిన తరం దాకా అభ్యుదయ కవులు బాంబును వదిలిపెట్టింది లేదు. పుట్టగొడుగు మేఘం, బూడిదైన నగరం, రెక్క తెగిన పావురం, బిడ్డను వెతుక్కునే హిరోషిమా తల్లి. చేయి తిరిగిన కవి దగ్గరా, నిన్న మొన్న కలం పట్టిన కవి దగ్గరా ఈ ప్రతీకలు ఒక్క తీరుగానే కనిపిస్తాయి. ఆ కవిత్వాన్ని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. అది రావలసిన కాలంలో వచ్చింది, చేయవలసిన పని చేసింది. కాని మనుషుల మీద అణుబాంబు వేసిన రోజులు చరిత్రలో రెండే. దాని గురించి బల్ల చుట్టూ కూర్చుని బేరమాడుకున్న కాలం ఏడు దశాబ్దాలు దాటింది. ఆ బేరాల మీద మనకు వచనం లేదు. కథ లేదు, నవల లేదు, చెప్పుకోదగ్గ వ్యాసం కూడా అరుదు.

"ఒప్పందాల మీద కథేమిటి? అది పత్రికల వాళ్ల పని" అని కొందరు మిత్రులు అంటారు. ఈ వాదన ఉత్తరాంధ్రలో చెల్లదని నా అభిప్రాయం. ఎందుకంటే అణువు మన జిల్లాలకు మేఘంగా రాలేదు. ఒక వాక్యంగా వచ్చింది. ఆ వాక్యాన్ని ఢిల్లీలోనూ వాషింగ్టన్‌లోనూ వియన్నాలోనూ రాసుకున్నారు. అది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ ఒడ్డున దిగింది.

విషయం తెలియకుండా విమర్శ చేయడం నాకు ఇష్టం లేదు గనక కొంచెం చరిత్ర చెప్పాలి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చింది. జపాను జాలరి పడవ ఒకటి ఆ బూడిదలో చిక్కుకుంది. నెల తిరిగాక, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో లేచి, పరీక్షలనైనా ముందు ఎక్కడివక్కడ ఆపండని ప్రతిపాదించాడు. పరీక్షల నిషేధం మాట ఒక ప్రభుత్వాధినేత నోట అంత స్పష్టంగా వెలువడడం అదే మొదలు. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మానాలనే ఒప్పందం కుదిరితే మన దేశం సంతకం చేసింది. 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం వచ్చినప్పుడు మాత్రం చేయలేదు. అయిదు దేశాలకు బాంబు హక్కుగానూ, మిగిలినవాళ్లకు నేరంగానూ రాసిన కాగితం అది. 1974లో మన పాలకులే పోఖ్రాన్‌లో ఒకటి పేల్చి దానికి శాంతియుత విస్ఫోటనం అని పేరు పెట్టారు. (ఆ పేరులోని విశేషణం మీద అలంకార శాస్త్ర విద్యార్థి ఎవరైనా పరిశోధన చేయవచ్చు.) 1996లో జెనీవాలో సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం తయారైతే, ఇది బాంబులున్నవాడి బాంబుల జోలికి పోవడం లేదని మన ప్రతినిధి అరుంధతీ ఘోష్ అడ్డుపడింది. రెండేళ్లు తిరక్కుండా 1998 మే 11న, 13న మళ్లీ పోఖ్రాన్.

రెండో బేరం పరీక్షల గురించి కాదు, పదార్థం గురించి. బాంబుకు కావలసింది విచ్ఛిత్తి చెందే పదార్థం. అంటే ప్లుటోనియం, లేదా బాగా శుద్ధి చేసిన యురేనియం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన లెక్కల్లో ఒక బాంబుకు 8 కిలోల ప్లుటోనియం అని కొలత పెట్టుకుంది. మన రేవుల్లో ఒక పెద్ద కోనెం చేప తూగేంత. దీని ఉత్పత్తిని అందరూ ఆపేయాలని 1993లో ఐక్యరాజ్య సమితి తీర్మానించింది. 1995లో జెనీవా నిరాయుధీకరణ సభ చర్చలకు ఒక ప్రాతిపదిక ఖాయం చేసుకుంది. 1998లో ఒక కమిటీ వేసుకున్నారు, అది కొద్ది వారాలకే ఆగింది. ఇకముందు తయారుచేయడం ఆపితే చాలునా, ఇప్పటికే పోగుచేసుకున్న నిల్వల మాటేమిటి అన్న దగ్గర బండి కూరుకుపోయింది. ఆ సభలో ఏ పని మొదలుపెట్టాలన్నా అందరూ ఒప్పుకోవాలి. నిల్వలు తక్కువ ఉన్న పాకిస్తాన్ ఒప్పుకోదు. నిల్వలు ఎక్కువ ఉన్నవాళ్లు వాటి మాట ఎత్తనివ్వరు. మూడు దశాబ్దాలుగా ఇదే వరస. పరీక్షల ఒప్పందమూ ఇప్పటికీ అమలులోకి రాలేదు. 1999లో అమెరికా సెనేట్ దాన్ని తిరస్కరించింది. 2023లో రష్యా తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ బేరాల్లో మనకు నేరుగా సంబంధించిన ఘట్టం 1998 జూన్‌లో మొదలైంది. అమెరికా విదేశాంగ ఉపమంత్రి స్ట్రోబ్ టాల్బట్, మన పక్షాన జస్వంత్ సింగ్. రెండున్నరేళ్లలో ఏడు దేశాల్లో పద్నాలుగు సార్లు కలుసుకున్నారు. అమెరికా కోరినవి ముఖ్యంగా నాలుగు: పరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకం, విచ్ఛిత్తి పదార్థం ఉత్పత్తికి అడ్డుకట్ట, క్షిపణుల విషయంలో సంయమనం, ఎగుమతుల మీద అదుపు. ఆ తర్వాత ఇద్దరూ పుస్తకాలు రాశారు. టాల్బట్ 'ఎంగేజింగ్ ఇండియా' 2004లోనూ, జస్వంత్ సింగ్ 'ఎ కాల్ టు ఆనర్' 2006లోనూ వచ్చాయి. సాహిత్య విద్యార్థులు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. రాజకీయం కోసం మాత్రమే కాదు, కథన శిల్పం కోసం కూడా.

టాల్బట్ పత్రికా రచయితగా పెరిగినవాడు, కృశ్చేవ్ జ్ఞాపకాలను ఇంగ్లీషులోకి అనువదించినవాడు. అతనికి మనుషుల్ని నిలబెట్టడం తెలుసు. జస్వంత్ సింగ్ గొంతు, నడక, అతని మర్యాద, మాటల మధ్య అతను పెట్టే విరామం - ఇవన్నీ ఆ పుస్తకంలో ఒక నవలా పాత్రకు సరిపోయేంతగా ఉన్నాయి. ఈ చర్చల్లో ఎవరి లక్ష్యానికి ఎవరు దగ్గరయ్యారని లెక్క వేసుకుని, తనకన్నా జస్వంతే నెగ్గాడని అతను దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. పుస్తకానికి బలం ఆ నిజాయితీయే. లోపం మరొకటుంది. ఆ ఇన్ని వందల పేజీల్లో మనుషులంటే మంత్రులూ, రాయబారులూ, సలహాదారులూ. బాంబు ఎవరి మీద పడుతుందో వాళ్లు జనాభా. పదార్థం ఏ నేలలోంచి వస్తుందో, ఏ నేల మీద మండుతుందో ఆ నేలకు ఊరి పేరు ఉండదు. జస్వంత్ సింగ్ శైలి వేరు. అశ్విక దళంలో పనిచేసిన మనిషి, గౌరవం అన్న మాట చుట్టూ వాక్యాలు కట్టుకుంటాడు. దేశం అవమానపడింది, తలెత్తుకుంది అన్నదే అతని కథ. అవమానపడిన దేశంలో ఎవరెవరున్నారో అతనూ చెప్పడు. బల్లకు ఇటూ అటూ కూర్చున్న ఇద్దరి దృష్టీ ఇక్కడ ఒకటే.

జస్వంత్ సింగ్ 1998లోనే ఒక అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసానికి అణు వర్ణవివక్షకు వ్యతిరేకం అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. విమర్శకుడు ఆగవలసిన చోటు ఇది. దక్షిణాఫ్రికా నల్లవాడి బాధలోంచి పుట్టిన మాట అది. దాన్ని ఒక రాజ్యం తన గుమ్మం దగ్గర వేలాడదీసుకుంది. ఆ పోలిక అబద్ధం కాదు. అయిదుగురికి ఒక న్యాయం, తక్కినవాళ్లకు ఒక న్యాయం అన్నది నిజమే. మనవాళ్లలోనే కొందరు సామ్రాజ్యవాద వ్యతిరేకత పేరున 1996 నాటి తిరస్కారాన్ని సమర్థించారు, అందులో తప్పూ లేదు. అయితే వివక్షను ఎదిరించడం వేరు, వివక్ష చేసేవాడి అరుగు మీద చోటు అడగడం వేరు. 1954లో ఆపండి అన్నది మొదటి గొంతు. 1998లో నన్నూ కూర్చోనివ్వండి అన్నది రెండో గొంతు. ఈ తేడా పట్టుకోకపోవడం వల్లనే ఆ ఏడాది వచ్చిన కవిత్వం రెండుగా చీలింది. ఒక వైపు జాతి గర్వం, ఇంకో వైపు పావురం. మధ్యలో ఉన్న అసలు నాటకం ఎవరికీ అందలేదు.

ఆ నాటకం తర్వాతి అంకం 2005 జూలై 18న. మన్మోహన్ సింగ్, బుష్ ఉమ్మడి ప్రకటన చేశారు. మన పక్షాన ఇచ్చిన మాటలు: పరీక్షల స్వచ్ఛంద నిలుపుదల కొనసాగిస్తాం, విచ్ఛిత్తి పదార్థ ఒప్పందం కోసం అమెరికాతో కలిసి పనిచేస్తాం, పౌర అవసరాల రియాక్టర్లనూ సైనిక అవసరాల రియాక్టర్లనూ వేరుచేస్తాం. 22 రియాక్టర్లలో 14 తనిఖీల కిందికి వచ్చాయి, 8 బయట ఉండిపోయాయి. బదులుగా అమెరికా ఇచ్చిన మాట పౌర అణు వ్యాపారం. 2008 జూలైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నా ప్రభుత్వం నిలబడింది. సెప్టెంబరు 5న ప్రణబ్ ముఖర్జీ పరీక్షల నిలుపుదల మాటను మరోసారి బహిరంగంగా చదివాడు. మర్నాడు వియన్నాలో అణు సరఫరా దేశాల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది. అక్టోబరు 10న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఏడాది గడిచాక, 2009 అక్టోబరులో, అమెరికా రియాక్టర్లకు కేటాయించిన స్థలాల్లో ఒకటిగా కొవ్వాడ పేరు వచ్చింది.

ఈ గొలుసును విడదీయకుండా చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎడారిలో బాంబు పేల్చనన్న మాటకూ, శ్రీకాకుళం ఒడ్డున రియాక్టర్లు కొంటానన్న మాటకూ ఒకటే కాగితం. రెండు వేల ఎకరాల పైచిలుకు నేల, దానిలోని మత్స్యకారుల వాడలు ఆ కాగితంలో లేవు, కాని దాని ధరలో ఉన్నాయి. మొదట ఒక కంపెనీ అన్నారు. 2016 జూన్‌లో మోదీ, ఒబామా ప్రకటనలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆరు రియాక్టర్ల మాట ఉంది, ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. 2017 మార్చిలో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషను వేసింది. అమ్మేవాడు దివాలా తీసినా భూసేకరణ ఆగలేదు. ఊళ్లలో రిలే నిరాహార దీక్షలు జరిగాయి. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి విశాఖలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ ప్రశ్న వెంట ప్రశ్నగా ప్రభుత్వానికి లేఖలు రాశాడు. ఆ లేఖల వచనాన్ని కూడా మన విమర్శ సాహిత్యంగా ఎన్నడూ చూడలేదు.

ఇక భాష సంగతి. పదో తరగతి పిల్లలకు పత్రికా భాష గురించి చెబుతూ అణు ఒప్పందం వార్త ఒకటి చదివించాను. ఇంగ్లీషులో సేఫ్‌గార్డ్స్ అన్న మాటకు దానిలో రక్షణ ఏర్పాట్లు అని ఉంది. ఒడ్డు పక్క ఊరి కుర్రాడు లేచి "మాస్టారూ, రక్షణంటే మనకేనాండీ?" అని అడిగాడు. కాదు. ఆ మాటకు అక్కడ అర్థం లెక్క చూడడం. రియాక్టరులో పడిన పదార్థం గ్రాము తేడా లేకుండా ఎక్కడికి పోయిందో, బాంబుల వైపు మళ్లిందో లేదో తనిఖీ చేయడం. పదార్థానికి కాపలా అది, మనిషికి కాదు. వార్త అనువదించినవాడు మోసం చేశాడని నేను అనను, తెలుగు మాటలోని చల్లదనం అతనికి పట్టలేదంతే. కాని రక్షణ ఏర్పాట్లకు అంగీకారం కుదిరిందని చదివిన తండ్రి ఏమనుకుంటాడు?

మారటోరియం కూడా అలాంటిదే. పరీక్షల నిలుపుదలకు దౌత్యవేత్తలు వాడే మాట. మన పల్లెల్లో ఈ మాట బాకీల వల్ల తెలుసు. అప్పు పోలేదు, వసూలు వాయిదా పడిందని రైతుకు ఎవరూ వివరించనక్కర్లేదు. అణు పరీక్షల మారటోరియం అన్నా అంతే. బాంబు పోలేదు, వాయిదా పడింది. ఇక్కడ మన రైతు పరిజ్ఞానం దౌత్య పరిభాషకన్నా ఒక అడుగు ముందే ఉంది.

బాకీ మాట వచ్చింది గనక కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' దగ్గరికి రాక తప్పదు. నా వాదనంతా అక్కడికే వస్తుంది. ఆ కథ మీద దశాబ్దాల పాటు చర్చ జరిగింది. సీతారాముడు కన్నకొడుకును చంపడం సబబా, అది వర్గ చైతన్యమా నిస్పృహా అని విమర్శకులు పేజీలు నింపారు. కథలో ఎక్కువ భాగాన్ని ఆక్రమించేది హత్య కాదు, పంచాయితీ. సుందరపాలెంలో ఒక బాకీ మీద కూర్చున్న పెద్దల సభ. గోపన్న లెక్క ఉంది, అప్పల్రాముడు తన బతుకు లెక్క చెప్పుకుంటాడు, శ్రీరాములు నాయుడు ధర్మం చెబుతాడు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఎవరూ దుర్మార్గుడిలా కనిపించరు. ఊరికి బడి వచ్చింది, రోడ్డు వచ్చింది, అభివృద్ధి జరిగింది. ఆ అభివృద్ధి ఎవరి వాటాకు ఎంత వచ్చిందన్న లెక్క మాత్రం ఆ సభ ముందుకు రాదు. ముందున్నది ఒక్క బాకీ లెక్కే. దౌత్య చర్చల స్వరూపం సరిగ్గా ఇదే. ఎజెండాలో ఏముందన్నది ఒక పోరాటం, ఏం లేదన్నది అంతకన్నా పెద్ద పోరాటం. జెనీవాలో నిల్వల మాట ఎజెండాలోకి రానివ్వకపోవడమూ, సుందరపాలెంలో అభివృద్ధి లెక్క సభ ముందుకు రాకపోవడమూ ఒకే విద్య.

అయితే ఈ పోలికను తిన్నగా అతికించేస్తే తప్పుదారి పడతాం. అమెరికాను గోపన్నగా, భారతదేశాన్ని అప్పల్రాముడిగా రాస్తే జస్వంత్ సింగ్ పుస్తకానికి తెలుగు అనువాదం అవుతుంది గాని కొత్త కథ కాదు. మన రాజ్యం జెనీవాలో అప్పల్రాముడి గొంతుతో మాట్లాడుతుంది. అదే రాజ్యం రణస్థలంలో శ్రీరాములు నాయుడి కుర్చీలో కూర్చుంటుంది. అక్కడ వివక్ష అని ఏ మాటతో వాదించిందో, ఇక్కడ ఆ మాట ఎదురుగా నిలబడిన జాలరికి దక్కనివ్వదు. అక్కడ నా అవసరం నేనే తేల్చుకుంటానంటుంది, ఇక్కడ మీ అవసరం మేం తేలుస్తామంటుంది. ఒకే మనిషిలో ఈ రెండు గొంతులూ వినగలిగిన రచయితే ఈ వస్తువును పట్టుకోగలడు. జాతీయ గర్వ కవికి మొదటి గొంతే వినిపిస్తుంది, నినాద కవికి రెండోదే వినిపిస్తుంది.

రావిశాస్త్రిగారు ఇలాంటి రెండు నాల్కల వ్యవహారానికి దారి చూపించే పోయారు. 'ఆరు సారా కథలు'లో, ముఖ్యంగా 'మాయ'లో, చట్టం పుస్తకంలో ఒకలా, కోర్టు వరండాలో ఒకలా, ముత్యాలమ్మ నోట ఒకలా ఉంటుంది. అణు నష్టపరిహార చట్టం మీద ఆ కన్ను పడి ఉంటే ఎలా ఉండేదో! 2010లో ఆ చట్టం వచ్చినప్పుడు ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపేవాడి బాధ్యత 1500 కోట్లన్నారు. భోపాల్ ఇంకా మరుపుకు రాలేదు గనక, యంత్రం అమ్మినవాడిని కూడా కొన్ని సందర్భాల్లో పట్టుకునే హక్కు పదిహేడో సెక్షనులో పెట్టారు. అమెరికా కంపెనీలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పింది దానికే. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసి పాతదాన్ని తీసేసింది. అమ్మినవాడి మీది ఆ పట్టు దానితో పాటే పోయింది. ఒక సెక్షను పుట్టి, పదిహేనేళ్లు బతికి, చచ్చిపోయింది. ఆ సెక్షను జీవితచరిత్ర చాలు ఒక నవలకు. అందులో ఒబామా వస్తాడు, దివాలా తీసిన కంపెనీ వస్తుంది, ధర్నాలో మాట్లాడి మాట్లాడి గొంతు పోయిన సర్పంచీ రావచ్చు.

మన ఇసుక సంగతి కూడా ఇలాగే ఉంది. ఉత్తరాంధ్ర తీరంలోని నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. దేశంలో మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే ముందు వరస. థోరియం తనంత తాను విచ్ఛిత్తి చెందదు, రియాక్టరులో పెడితే యురేనియం-233గా మారుతుంది. హోమీ భాభా మూడంచెల పథకంలో చివరి అంచె ఆశంతా దీని మీదే. విశాఖలో 2009 జూలై 26న జలప్రవేశం చేసిన అరిహంత్ జలాంతర్గామి కడుపులో ఉన్నదీ శుద్ధి చేసిన యురేనియమే. అది తనిఖీల్లోకి రాని వాటా. మన సముద్రం ఒక చోట పదార్థానికి గని, ఒక చోట దానికి దాపు, ఒక చోట దానికి మార్కెట్టు. వేటకు మిగిలింది ఎంత?

వేట మిగలక మన జాలర్లు గుజరాత్ వెరావల్ రేవుకు కూలికి పోతున్నారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ తీరరక్షక దళం పట్టుకుపోయింది. పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి, ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. వాళ్లలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లున్నారు. రణస్థలం పక్క మండలమే. ఈ ఉదంతం మీద 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. ఆడింది కూడా. ప్రేమను, దేశభక్తిని తీసుకుని, ఊళ్లో వేట ఎందుకు పోయిందన్న ప్రశ్నను ఒడ్డునే వదిలేసి వెళ్లింది. సినిమాను తప్పుపట్టి లాభం లేదు. అంతకు ముందే రాయవలసిన కథ మనం రాయలేదు.

ఆ కథకు ఒక ఆధారం చెబుతాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోవచ్చు. 1988 డిసెంబరు 31న భారత పాకిస్తాన్‌లు ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధాలు వచ్చినా, రాయబారుల్ని వెనక్కి పిలుచుకున్నా ఈ పని ఆపలేదు. 2008 నాటి ఇంకో ఒప్పందం ప్రకారం అదే జనవరి 1న ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. అది ఒకరి జైళ్లలో ఉన్న ఇంకొకరి ఖైదీలదీ, జాలర్లదీ. 2019 జనవరి 1న ఆ రెండు జాబితాలూ చేతులు మారిన రోజున మన ఎచ్చెర్ల మనుషులు కరాచీ జైల్లో ఉన్నారు.